జాతరకు స్పీకరు బాక్సులన్నీ ఒకేచోట పేర్చకండి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరులో మైక్‌సెట్ నడుపుతున్నాను. జాతర రోజులొస్తే చాలు, చెవులు పగిలిపోతున్నాయని వేదిక పక్క ఇళ్ళవాళ్ళు మొత్తుకుంటారు. ఒక్క ముక్కా వినపడలేదని వెనక నిలబడినవాళ్ళు మమ్మల్ని తిడతారు. ఇద్దరి మాటా నిజమే. దీనికి విరుగుడు బెంగళూరు శివారులో జరిగిన ఒక రాక్ సంగీతోత్సవంలో కళ్ళారా చూశాను.

అక్కడ ఉద్యోగం చేసే మా మేనల్లుడు "మామా, నువ్వు ఆ సౌండు వినాల్సిందే" అని పట్టుబట్టి తీసుకుపోయాడు. పెద్ద మైదానం, ఎటు చూసినా నల్ల టీషర్టులు వేసుకున్న కుర్రకారు. ఆ పాటల్లో మాటలు నాకు అంతుపట్టలేదు. డ్రమ్ము మోగినప్పుడల్లా ఛాతీ మీద గుద్దినట్టుండింది. అక్కడినుంచి వెనక్కి నడిచి, మైదానం చివర తిండి కొట్ల దగ్గర నిలబడ్డాను. గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా అక్కడ స్పష్టంగా వినిపించింది!

కారణం, మైదానం మధ్యలో నిలిపిన ఇనుప టవర్లు. వాటికి వరసగా వేలాడదీసిన స్పీకర్లు వెనక జనం కోసమే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వేదిక నుంచి 100 మీటర్లు చేరడానికి దాదాపు 0.3 సెకన్లు. టవరు స్పీకరు అంతకన్నా ముందే మోగితే ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది. మన మీటింగుల్లో వెనకవాళ్ళకు ఉపన్యాసం అర్థం కాకపోవడానికి అదొక కారణం. అందుకే ఆ స్పీకరును అంత ఆలస్యంగా మోగిస్తారు. దీన్నే డిలే పెట్టడం అంటాం. ఈ సౌకర్యం ఇప్పుడు చాలా డిజిటల్ మిక్సర్లలోనే ఉంది. అమెరికాలో 1969 ఆగస్టులో నాలుగు లక్షలమందికి పైగా చేరిన వుడ్‌స్టాక్ ఉత్సవానికే బిల్ హాన్లీ అనే సౌండ్ ఇంజనీరు స్పీకర్లను ఎత్తైన టవర్లెక్కించాడు. మనం మాత్రం ఇంకా వేదిక ముందే గుట్టలు పోస్తున్నాం.

ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్కచోటి నుంచే చివరిదాకా వినిపించాలంటే ముందున్నవాళ్ళ చెవులు బలి కావాల్సిందే. నడివీధి గంగమ్మ జాతరప్పుడు బజారు వీధి లాంటి ఇరుకు చోట చంటిబిడ్డలున్న ఇళ్ళు ఏం కావాలి? ఇలాంటి వేడుకల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే పరిమితి.

కమిటీవాళ్ళు మమ్మల్ని అడిగేది ఒక్కటే: "ఎన్ని బాక్సులు పెడతావు?" ఎవరు ఎక్కువ పేరిస్తే పని వాళ్ళకే. మంచి సౌండు కోసం తక్కువ బాక్సులు చాలంటే పని పోతుంది. కమిటీలకు నా మనవి, బాక్సుల లెక్కను బట్టి బేరం ఆడకండి. అనుమతిచ్చే పోలీసు అధికారులు కూడా స్పీకర్లు ఎక్కడెక్కడ, ఎటువైపు తిప్పి పెడతారో చూపించే గీతపటం దరఖాస్తుతోపాటే అడగాలి. మీటరు పెట్టి కొలవాలి. వచ్చే జాతరకు ఏ ఒక్క కమిటీ ఒప్పుకున్నా, వీధి పొడవునా చిన్న స్పీకర్లు పంచి కట్టి వినిపిస్తాను. టవర్లకు అదనపు బాడుగ కూడా అడగను.

– ఒక మైక్‌సెట్ యజమాని, చిత్తూరు