కార్డు పోయింది, బాకీ ఎవరిది?

చిట్టితల్లీ,

క్రెడిట్ కార్డు పోయిందని రాస్తూ ఉత్తరం నిండా నిన్ను నువ్వే తిట్టుకున్నావు. దొంగ వాడుకున్న సొమ్మంతా వాయిదాల్లో కట్టేస్తానంటున్నావు. ఆగు. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ని చెబుతున్నాను, ఆ బాకీని అప్పుడే నెత్తికెత్తుకోకు.

ఒకప్పుడు నేనూ నీలాగే అనుకునేవాణ్ని. పర్సు జాగ్రత్త లేనివారు నష్టం భరించాల్సిందేనని కౌంటరు వెనక కూర్చుని ఎందరికో నీతులు చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నా మనసు మార్చింది అమెరికా సంగతి. 1960లలో అక్కడి బ్యాంకులు అడగనివారికి కూడా టపాలో కార్డులు పంపాయి. కొన్నిటిని దారిలోనే దొంగలు కాజేశారు. కార్డు మొహమే చూడని మనిషికి బిల్లు వచ్చేది! చివరికి 1970లో చట్టం తెచ్చి, అడగకుండా కార్డు పంపడాన్ని నిషేధించారు. పోయిన కార్డు మీద ఖాతాదారు బాధ్యత 50 డాలర్లు దాటకూడదన్నారు. కార్డు పోయిందని తెలియజేశాక జరిగిన వాడకానికి ఆ కాస్తా లేదు. దాంతో బ్యాంకులేమీ మూతపడలేదు. నష్టం తమ మీద పడ్డాక, వింత కొనుగోళ్లను కనిపెట్టి ఆపడం వాటికే లాభమైంది.

చిన్న మొత్తాలకు పిన్ను అక్కర్లేదని నిర్ణయించింది నువ్వా? బేరం త్వరగా తెమలాలని బ్యాంకింగు వ్యవస్థే తీసేసిన తలుపు గడియ అది. ఆ తలుపులోంచి దొంగ దూరితే లెక్క నీ ఖాతాలో రాయడం ఏం న్యాయం?

ఒక్కటి మాత్రం నిజం చెప్పు. పిన్ను చీటీ మీద రాసి అదే పర్సులో పెట్టలేదు కదా? పెట్టి ఉంటే నా వాదన సగం నీరుగారినట్టే. కార్డు కనబడడం లేదని తెలిసీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుందిలే అని రెండు రోజులు ఊరుకున్నా అంతే. ఆ ఆలస్యానికి కొంత వాటా నీకూ ఉండాలి, నేను కాదనను. కానీ తప్పు నీదని తేల్చాల్సింది నువ్వు కాదు. భారత రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల్లోనూ ఖాతాదారు బాధ్యతను నిరూపించే భారం బ్యాంకు మీదే పెట్టారు.

బ్యాంకుకు ఫోను చేసిన తేదీ, సమయం, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు నాకు పంపు. లేఖ నేను రాస్తాను. నువ్వు రాస్తే మొదటి వాక్యంలోనే క్షమాపణ అడుగుతావు.

నాన్న