మీ మ్యాపులో సెక్షన్ హద్దు తప్పుగా ఉంది, సరిచేయండి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ప్రభుత్వ భూముల హద్దులను మీ వేట మ్యాపు యాప్ తప్పుగా చూపించడం, చందా సొమ్ము వాపసు గురించి.

అయ్యా / అమ్మా,

నేను డెన్వర్‌లో ఉంటాను, మీ యాప్‌కు ప్రీమియం చందాదారుణ్ణి. మ్యాపులు చూసే టీమ్ హైదరాబాద్‌లో ఉందని, తెలుగులో రాస్తే నేరుగా వాళ్లకే పంపిస్తామని మీ సపోర్ట్ వాళ్లు చెప్పారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం, పైగా కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కాబట్టి చదివేవారికి ఈ సంగతే నచ్చకపోవచ్చు. వయోమింగ్‌లో మాత్రం జింకలా ఉండే ప్రాంగ్‌హార్న్ అనే జంతువు వేట చట్టబద్ధం. ఎన్ని ట్యాగులు (వేట పర్మిట్లు) ఇవ్వాలో రాష్ట్ర గేమ్ అండ్ ఫిష్ శాఖే ఏటా నిర్ణయిస్తుంది, ఆ శాఖ నడిచేది ఎక్కువగా మేం కట్టే లైసెన్సు ఫీజుల మీదే.

గత సీజన్‌లో నాకు రాలిన్స్ దగ్గర ట్యాగ్ వచ్చింది. బయటి రాష్ట్రాల వాళ్లకు ఇది లాటరీలో రావాలి. మంచి ప్రాంతం కావాలంటే ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టుకోవాలి. 2022-23 చలికాలంలో మంచుకు ప్రాంగ్‌హార్న్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాక ట్యాగులు బాగా తగ్గించారు కూడా. ఒకసారి చేజారితే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

ఇంటర్‌స్టేట్ 80 హైవే వెంట ఆ ప్రాంతంలో భూమి పంపకమే వేరుగా ఉంటుంది. 1862 పసిఫిక్ రైల్వే చట్టంతో మొదలుపెట్టి, పట్టాలకు రెండు వైపులా ఒక సెక్షన్ విడిచి ఒక సెక్షన్ రైలు కంపెనీకి ఇచ్చారు. సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. ఇప్పటికీ అక్కడ భూమి చదరంగం బల్లలాగే ఉంది. ఒక గడి బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల సంస్థ) చూసుకునే ఫెడరల్ భూమి, పక్క గడి ప్రైవేటు రాంచ్. చాలా ప్రభుత్వ గడులకు రోడ్డు లేదు. రెండు ప్రభుత్వ గడులు మూలమూలకు కలిసేచోట అటు నుంచి ఇటు అడుగు వేయాలి, అంతకు మించి దారి లేదు. దీన్నే కార్నర్ క్రాసింగ్ అంటారు.

ఈ అడుగు మీదే వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ కేసు నడిచింది. మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ల మీద రాంచ్ యజమాని 70 లక్షల డాలర్లకు పైగా నష్టం కింద దావా వేశాడు. ఒకరి ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టిన చోటు (వేపాయింట్) కూడా ఆ కేసులో వివాదమైంది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోలేదు. అయితే తీర్పు వర్తించేది ప్రైవేటు నేలను తాకకుండా దాటినవాళ్లకే. అంటే మూల సరిగ్గా ఎక్కడుందన్నదే అసలు విషయం.

నేను వెళ్లిన మూలలో సర్వేవాళ్లు పాతిన ఇత్తడి గుర్తు ఉంది, దాని మీద సెక్షన్ నంబర్లు చెక్కి ఉన్నాయి. దాని పక్కనే నిలబడి చూస్తే మీ యాప్ నన్ను ప్రైవేటు గడిలో బాగా లోపల చూపించింది. చెట్టు చేమ లేని మైదానంలో ఫోన్ జీపీఎస్ తేడా మామూలుగా కొన్ని మీటర్లే ఉంటుంది. ఇది అలాంటిది కాదు. తర్వాతి సెక్షన్ మూలలో ఉన్న గుర్తు దగ్గర కూడా అదే దిక్కుకు, అంతే తేడా వచ్చింది. పక్కకు జరిగిపోయింది మీ గీతే. మీ యాప్ చూపించిన మూలను నమ్మి వెళ్లినవాడు నిజానికి ఎదుటి ప్రైవేటు గడిలో తేలతాడు. ఫొటోలు, స్క్రీన్‌షాట్లు జత చేశాను.

ప్రాంగ్‌హార్న్ మనిషిని మైళ్ల దూరం నుంచే పసిగడుతుంది, గంటకు 90 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది, కంచె అడ్డొస్తే కింద నుంచి దూరిపోతుంది. బెదిరిన మంద నా కళ్లముందే ఆ మూల అవతలి ప్రభుత్వ గడిలోకి వెళ్లింది. నేను దాటలేదు. ఇత్తడి గుర్తు నా పక్షాన ఉన్నా, నా ఫోన్‌లో రికార్డయ్యే ట్రాక్ నన్ను దొంగదారిన వెళ్లినవాడిగా చూపిస్తుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. పైగా దాటడం ఒక్కసారితో అయిపోదు. వేట దొరికితే సెప్టెంబరు ఎండలో వెంటనే చర్మం తీసి చల్లబరచాలి, మాంసం మోస్తూ అదే మూల మీదుగా తిరగాలి. ఆ ట్యాగ్ వాడకుండానే సీజన్ ముగిసింది.

ఇంకోటి. మీరు వాకిన్ ఏరియాగా (యజమాని ఒప్పుకోలుతో వేటగాళ్లు నడిచి వెళ్లగల ప్రైవేటు భూమిగా) చూపించిన ఒక రాంచ్ ఆ ఏడాది గేమ్ అండ్ ఫిష్ జాబితాలో లేదు. గేటు మీద బోర్డు చూసి వెనక్కి వచ్చాను.

ఫిర్యాదు చేస్తే, మ్యాపు కేవలం అవగాహన కోసమేనని, షరతుల్లో ఆ మాట ఉందని జవాబు పంపారు. ఈ జవాబు నేను ఒప్పుకోను. మీరు డబ్బు తీసుకుని అమ్ముతున్నదే ఈ హద్దు. యాప్ ఏ గీతనైనా వెంట్రుకంత సన్నగా, సందేహమే లేనట్టు గీస్తుంది. ఎంత తేడా ఉండొచ్చో, డేటా ఏ నాటిదో తెరపై ఎక్కడా లేదు. బీఎల్ఎం తన సర్వే డేటాలో మూలల కచ్చితత్వం వివరాలు కూడా ఉచితంగా ఇస్తోంది. వాటిని చూపించడానికి మీకేం అడ్డం?

నా ఏడాది చందా మొత్తం వాపసు ఇవ్వండి. నేను పంపిన రెండు మూలలున్న టౌన్‌షిప్ (36 సెక్షన్ల చదరం) గీతలను వచ్చే సీజన్‌కు ముందే సరిచేసి నాకు తెలియజేయండి. ప్రతి హద్దుకూ తేడా ఎంతో, తేదీ ఏదో తెర మీద కనిపించాలి. ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకున్నవాళ్లకు మార్పులు జరిగినప్పుడు హెచ్చరిక రావాలి, ఎందుకంటే అక్కడ సిగ్నల్ ఉండదు.

ముప్పై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే ఈ పత్రాలన్నీ కొలరాడో అటార్నీ జనరల్ ఆఫీసులోని వినియోగదారుల విభాగానికి పంపుతాను.

ఇట్లు,
మీ ప్రీమియం చందాదారుడు

జత: ఫొటోలు, స్క్రీన్‌షాట్లు, చందా రసీదు