అయ్యగారి కోసం ప్రార్థన: బావకో ఉత్తరం

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

బావా,

నీ ఉత్తరం అందింది. విశాఖలో ఇల్లు మారిన గోలంతా చదివి మా ఆవిడ ఒకటే నవ్వు. అది సరేగానీ, నిన్ను సంఘ పెద్దల్లో వేశారని, మీ పాస్టరు అయ్యగారు ఈమధ్య బాగా నీరసంగా ఉంటున్నారని, ప్రార్థన చేయడం కాక మీరేం చేయగలరని రాశావే, దాని గురించే ఇంత రాత్రి కూర్చున్నాను. ఆ ప్రార్థనే సరిగ్గా చేస్తే చేతినిండా పని ఉంటుంది బావా.

మన కూడికల్లో ఎలా జరుగుతుందో నీకు తెలియనిదా? దేశం, రోగులు, పరీక్షలు రాసే పిల్లలు అన్నీ అయ్యాక, ఆఖర్న "మా సేవకుణ్ణి బలంగా వాడుకో ప్రభువా" అని ఒక్క ముక్క. ఆ ముక్క ఏ ఊరి పాస్టరుకైనా సరిపోతుంది. నా పేచీ అంతా దాంతోనే. బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన ఉత్తరాల్లో అలా అడిగాడా? ఎఫెసు వాళ్లకి రాసేనాటికి సంకెళ్లలో ఉన్నాడు. అక్కడ సంకెళ్లు ఊడాలని ప్రార్థించమనలేదు, ధైర్యంగా సువార్త చెప్పేలా ప్రార్థించమన్నాడు. రోమా వాళ్లనేమో యూదయలోని విరోధుల చేతిలోంచి తప్పించుకునేలా ప్రార్థించమన్నాడు. ఏం కావాలో విడమరిచి చెప్పాడు. మన అయ్యగార్లు నోరు విప్పరు. విప్పితే విశ్వాసం తక్కువంటారని భయం. కాబట్టి మనమే కనుక్కోవాలి.

మా అయ్యగారి సంగతే చూడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన ఊరు అందులోకి వెళ్లిందా, అప్పట్నుంచీ ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. కొండ మీదికెళ్తే సవర. ఇప్పటి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే దిక్కులు చూస్తారు. సండే స్కూల్లో తెలుగు బైబిలు చేతికిస్తే పక్కవాడికి తోసేస్తారు. వాళ్ల కోసం ప్రసంగంలో కాస్త ఒడియా కలిపితే, ముందు వరుసలో పెద్దాళ్లు గొణుగుతారు. కలపకపోతే వెనక వరుసలో కుర్రాళ్లు ఫోన్లు తీస్తారు. ప్రతి శనివారం రాత్రీ ఆయనకు ఇదే టెన్షన్. దీని గురించి ఎవరైనా ప్రార్థించగా విన్నావా? నేనైతే వినలేదు.

తర్వాత కొండ ఊళ్లు. గుమ్మ, సెరంగో వైపు కుటుంబాల్ని చూడడానికి ఆ పాత బండి మీదే వెళ్తారు. వానాకాలం ఘాటు రోడ్డు నీకు తెలుసుగా. సిగ్నల్ ఉండదు. ఆయన బండి చప్పుడు వినబడేదాకా ఇంట్లో ఆయన భార్య, మన అమ్మగారు, అన్నం ముట్టరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఎవరి ఇంటి రేకులు లేచిపోయాయో కాగితం మీద రాసుకుని వీధి వీధీ తిరిగిందీ ఆయనే. అయ్యగారి సొంత ఇంట్లో బియ్యం తడిసి ముద్దయిన సంగతి ఆ కాగితంలో లేదు.

అందుకని మా శుక్రవారం కూడికలో పద్ధతి మార్చాం. ఒకరు ముందురోజే వెళ్లి, ఈ వారం దేని కోసం ప్రార్థించాలో అడుగుతారు. మొదట్లో "ఏం లేదు, మీ ప్రేమ చాలు" అనేవారు. మేం వదల్లేదు. మెల్లిగా చెప్పడం మొదలుపెట్టారు. నిద్ర పట్టడం లేదని, సంఘంలో ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి తగవులో ఇద్దరూ తననే నిలదీస్తున్నారని. పేర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడొక సంగతి జాగ్రత్త. "అమ్మగారికి షుగర్ పెరిగిందట, ప్రార్థించండి" అని మొదలై, టీలు అయ్యేసరికి వాళ్లబ్బాయి మార్కుల దాకా వెళ్తుంది మనవాళ్ల భారం! ఆయన చెప్పమన్నదే కూడికలో చెప్పు. మిగతాది నీ గదిలో తలుపేసుకుని నువ్వొక్కడివే ప్రార్థించుకో.

యుద్ధం జరుగుతుంటే పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోపక్క పట్టుకున్న కథ ప్రతి పాస్టరు సన్మానంలోనూ చెబుతారు. నిర్గమకాండం పదిహేడో అధ్యాయం మళ్లీ తీసి చూడు, చేతులు పట్టుకోకముందే ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు. మనం ఆ రాయి సంగతి మర్చిపోయి చేతులే పట్టుకుంటున్నాం. మీ అయ్యగారికి సోమవారం సెలవు ఇప్పించండి. ఆ రోజు ఫోన్లు పెద్దలు ఎత్తండి. ఆసుపత్రిలో చూడాల్సినవాళ్లుంటే మీరే వెళ్లండి. నెలకోసారి ఆయన్నీ అమ్మగారినీ కూర్చోబెట్టి మీరు ప్రార్థించండి. ముగింపు ప్రార్థన కూడా ఆయనతో చేయించొద్దు!

ప్రార్థిస్తున్నాం కదా అని కమిటీలో నోరు మూసుకోమని కాదు బావా. కానుకల లెక్క తేడాగా ఉంటే లెక్క అడుగు. ఆయన మాట నచ్చకపోతే ఆయన ముందే చెప్పు. "ఆయన మనసు మార్చు ప్రభువా" అని పదిమందిలో ప్రార్థించి దెబ్బ కొట్టేవాళ్లని చూశాం కదా, అది మాత్రం వద్దు.

మీ అయ్యగారిని అడిగి, ఆయన సరేనంటే, దేని కోసం ప్రార్థించాలో రాయి. ఇక్కడ మేమూ మా ప్రార్థనలో పెడతాం. క్రిస్మస్‌కి గుణుపురం ప్యాసింజరెక్కి పిల్లల్ని తీసుకుని వచ్చేయండి, గదులు ఖాళీగానే ఉన్నాయి. అత్తయ్యగారికి మా అందరి వందనాలు చెప్పు.

నీ బావ