నవంబర్ 20 నుంచి జనవరి 10 మధ్య మా షాపులో ఎస్‌ఎస్‌డి వేయించుకున్నవాళ్ళకి

అందరికీ నమస్కారం. ముందు అసలు విషయం చెప్పేస్తాను. 2025 నవంబర్ 20 నుంచి 2026 జనవరి 10 దాకా మా కంప్యూటర్ షాపులో 512 జీబీ ఎస్‌ఎస్‌డి (పాత హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్కు) వేయించుకున్నవాళ్ళు 31 మంది. ఆ 31 డిస్కులూ ఒకే డీలర్ దగ్గర కొన్నవి. ఇప్పటిదాకా తిరిగి వచ్చినవి 22. అన్నిటినీ పరీక్షించాను, 22 కి 22 నకిలీవే. స్టిక్కర్ మీద 512, లోపల ఉన్నది 128 జీబీ. మీ దగ్గర ఆ డిస్కు ఉంటే ఇక అందులోకి కొత్తగా ఒక్క ఫోటో కూడా ఎక్కించకండి. మెషీన్ ఆపేసి తీసుకురండి. కొత్తది నా ఖర్చుతో వేస్తాను, ఒక్క రూపాయి కూడా తీసుకోను.

తెనాలిలో ఈ షాపు పెట్టి 14 ఏళ్ళయింది. ఇలాంటిది రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

విషయం ఒక రిటైరైన టీచరమ్మ గారి వల్ల బయటపడింది. డిసెంబర్‌లో ఆవిడ డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డి వేసి, పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న 210 జీబీ ఫోటోలు, వీడియోలు కొత్తదానిలోకి ఎక్కించి ఇచ్చాను. కాపీ పూర్తయింది, ఎక్కడా ఎర్రర్ రాలేదు. మొదటి ఫోల్డర్‌లో నాలుగైదు ఫోటోలు తెరిచి ఆవిడకి చూపించాను కూడా. జనవరి రెండో వారంలో వచ్చి, "బాబూ, ఫోటోలు కొన్ని సగం బూడిద రంగులో వస్తున్నాయి, చాలావాటికి పేరే కనిపిస్తోంది, తెరుచుకోవట్లేదు" అన్నారు. నేను చూసి, "ఫోన్ నుంచి ఎక్కించేటప్పుడు కేబుల్ మధ్యలో లాగేసి ఉంటారమ్మా" అన్నాను. తప్పు ఆవిడదే అన్నట్టు మాట్లాడాను. పాపం ఆవిడ "అయ్యుండొచ్చు" అని వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు మనసు బాగుండదు.

ఆ రాత్రి అనుమానం వచ్చి, అదే పెట్టెలో మిగిలిన కొత్త డిస్కు ఒకటి తీసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం పెట్టి పడుకున్నాను. అది డిస్కు నిండా తనకు తెలిసిన డేటా రాసి, మళ్ళీ మొత్తం చదివి సరిచూస్తుంది. పొద్దున చూస్తే మొదటి 119 జీబీ సరిగ్గా ఉంది, ఆ తర్వాతదంతా పోయింది. 128 జీబీ డిస్కు విండోస్‌లో 119 అనే కనిపిస్తుంది. అప్పుడే అర్థమైంది.

ఈ మోసం ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే ఇది మామూలుగా చూస్తే తెలియదు. డిస్కులో డేటా దాచే చిప్పులతో పాటు వాటిని నడిపించే ఒక కంట్రోలర్ ఉంటుంది. "నీ సైజు ఎంత" అని కంప్యూటర్ అడిగితే జవాబు చెప్పేది అదే. దానిలోని సాఫ్ట్‌వేర్ మార్చి 512 అని చెప్పేలా చేస్తారు. బస్తా మీద 50 కిలోలని ముద్ర వేసి లోపల పన్నెండున్నర కిలోలు పోసినట్టు. నిండేదాకా బాగానే పనిచేస్తుంది. నిండాక వచ్చిన డేటాని తీసుకున్నట్టే చెప్పి పారేస్తుంది. ఫైళ్ళ పేర్ల పట్టిక డిస్కు మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు అన్నీ కనిపిస్తాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు. ప్రాపర్టీస్‌లో చూస్తే 476 జీబీ అని చూపిస్తుంది, అసలైన 512 డిస్కు చూపించేది కూడా అంతే.

ఈ 476 గురించి ఒక మాట. "512 అని 476 ఇచ్చావేంటి" అని 14 ఏళ్ళలో ఎంతమంది అడిగారో లెక్కలేదు. కంపెనీ వాళ్ళు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది, అందుకే తేడా, మోసం ఏమీ లేదండీ అని ప్రతి ఒక్కరికీ కాగితం మీద వేసి చూపించేవాణ్ణి. ఈ 31 మందిలో ఆరేడుగురికి కూడా అలాగే చూపించాను. నేను లెక్కలు వేసి నమ్మకంగా చెప్పింది నకిలీ డిస్కు గురించి.

ఇక డీలర్ సంగతి. తొమ్మిదేళ్ళుగా నేను కొనే ఆయన దగ్గర నవంబర్‌లో సరుకు లేదు. 2025 అక్టోబర్ 14 తో విండోస్ 10 కి మామూలు సపోర్ట్, అంటే అందరికీ వచ్చే అప్‌డేట్లు, ఆగిపోవడంతో పాత మెషీన్లు పట్టుకుని జనం బాగా వచ్చారు. అదే సమయంలో మెమరీ చిప్పుల ధరలు పెరగడం మొదలైంది. ఏఐ డేటా సెంటర్లకి చిప్పులు ఎక్కువగా వెళ్ళిపోతున్నాయి కాబట్టి ర్యామ్, ఎస్‌ఎస్‌డి రెండూ వారం వారం రేటు మారాయి. అప్పుడు ఇంకో డీలర్ ఫోన్ చేసి, "అన్నా, పాత రేటు సరుకు ఉంది, ఎన్ని కావాలన్నా ఇస్తా" అన్నాడు. ఒక్కోటి బయటి రేటు కంటే 700 తక్కువ. రేట్లు పెరుగుతున్నప్పుడు ఒకడి దగ్గరే తక్కువకి ఎందుకుందో నేను అడగాలి. అడగలేదు. మీకు రేటు పెంచకుండా ఇవ్వొచ్చు కదా అనుకున్నాను, నాకూ కొంచెం మిగులుతుందని కూడా అనుకున్నాను. రెండూ నిజమే.

పరీక్షలో తేలిన రోజే ఫోన్ చేశాను. ముందు "అలా జరగదన్నా, కంపెనీ సీల్ కదా" అన్నాడు. రిజల్ట్ ఫోటో పంపితే "మీ మదర్‌బోర్డ్‌లో ప్రాబ్లం ఉంటుంది" అన్నాడు. మూడు వేరే మెషీన్లలో పెట్టి వీడియో తీసి పంపాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మా షాపు కుర్రాణ్ణి తీసుకుని నేరుగా వెళ్ళాను. కౌంటర్ దగ్గర పదిమంది ముందు, "సరుకు తీసుకునేటప్పుడు చూసుకోవాలి గదా, ఇన్నేళ్ళు షాపు నడిపావంట, ఆ మాత్రం తెలీదా" అన్నాడు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. కానీ ఏం మాట్లాడను? 31 లో 20 డిస్కులకి వాడిచ్చింది పక్కా బిల్లు కాదు, ఎస్టిమేట్ అని రాసిన తెల్లకాగితం. అది తీసుకున్నది నేనే. చివరికి సగం డబ్బుకి వేరే సరుకు ఇస్తాను, విషయం బయట పెట్టొద్దు అన్నాడు. వద్దన్నాను. వాడి సరుకు మళ్ళీ నా షాపు గడప తొక్కదు. మా ఇంట్లో అయితే "సగమైనా వచ్చేది గదా, పంతానికి పోయి అదీ వదులుకున్నావు" అంటున్నారు. కావచ్చు. నోరు మూసుకోవడానికి డబ్బు తీసుకుంటే మీకు ఈ ఉత్తరం రాయలేను.

చీటీ ముందే పాడి డబ్బు తీశాను. పాత డీలర్ దగ్గర ఈ రోజు రేటుకే, పూర్తి జీఎస్టీ బిల్లుతో 31 డిస్కులు తెచ్చాను. కాబట్టి మీ డిస్కు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ పెట్టుకోకండి.

దీనికంటే కష్టమైంది మీ అందరికీ చెప్పాలా వద్దా అన్నది. కొందరు స్నేహితులు, "ఎవరిది పాడైతే వాళ్ళది మార్చెయ్యి, ఊరంతా చాటుకోవడం ఎందుకు" అన్నారు. మా కుర్రాడు మంచి మనసుతోనే, "సర్వీసింగ్ ఫ్రీ అని పిలిచి మార్చేద్దాం సార్" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఒక రాత్రంతా ఆ దారే మంచిదనిపించింది. పోటీ షాపులు ఉన్నాయి, ఇలాంటి మాట ఊళ్ళో ఎంత తొందరగా పాకుతుందో తెలుసు. కానీ 128 నిండనివాళ్ళకి ఇంకా ఏమీ పోలేదు. నేను ఆగిన ప్రతి రోజూ ఎవరో ఒకరు ఫోన్‌లో నుంచి పిల్లల వీడియోలు అందులోకి ఎక్కించి, ఫోన్‌లో చెరిపేస్తుంటారు. పొద్దున్నే లేచి బిల్లు పుస్తకం ముందేసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. మీలో ఇద్దరు గట్టిగా తిట్టారు. తిట్టాల్సిందే. ఇంకో మాట కూడా చెప్పాలి, మీకు నేను అమ్మిన వస్తువుకి బాధ్యత నాది, డీలర్‌ది కాదు. నా జవాబు చాలదనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి నా మీద ఫిర్యాదు చేయండి. బిల్లు కాపీ పోయుంటే నేనే ఇంకోటి ఇస్తాను.

టీచరమ్మ గారి ఫోటోలు తిరిగి తెప్పించలేకపోయాను. ఎస్‌ఎస్‌డిలో ఆ డేటా అసలు చేరనే లేదు, ఎంత పెద్ద ల్యాబ్ అయినా లేనిది తీయలేదు. పాత హార్డ్ డిస్క్ ఉంటే నిమిషాల్లో పని. కానీ పాత డిస్కు నాకిస్తే 300 తగ్గించడం మా షాపు పద్ధతి. ఆవిడ ఇచ్చారు, నేను ఫార్మాట్ చేసి ఒక బియ్యం కొట్లో సీసీ కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టెకి, అంటే డీవీఆర్‌కి వేశాను. డీవీఆర్ రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది, నిండగానే మళ్ళీ మొదటి నుంచి పాతదాని మీదే రాస్తుంది. వెళ్ళి తీసుకొచ్చి రెండు రాత్రులు ప్రయత్నించాను. బియ్యం బస్తాలు, కాటా తప్ప ఏమీ రాలేదు. ఆవిడ పిల్లలు, బంధువులు తమ ఫోన్లలోనూ వాట్సాప్‌లోనూ ఉన్నవి పంపితే కొన్ని వందలు పోగయ్యాయి. వాట్సాప్‌లో వచ్చినవి కాబట్టి చిన్న సైజువి. ఆవిడ భర్త, మాస్టారి షష్టిపూర్తి వీడియో మాత్రం ఎక్కడా దొరకలేదు.

అందుకే ఇక నుంచి మీ పాత డిస్కు నేను తీసుకోను. మీరు బతిమాలి ఇచ్చినా తీసుకోను. కవర్లో పెట్టి, తేదీ రాసి మీ చేతికే ఇస్తాను. కనీసం మూడు నెలలు దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఏమీ రాయకండి, బీరువాలో పడేయండి. 300 తగ్గింపు మాత్రం అలాగే ఉంటుంది.

రెండోది, "సాయంత్రానికల్లా ఇచ్చేస్తాం" అన్న మాట ఇక ఉండదు. ప్రతి కొత్త డిస్కునీ, పెన్‌డ్రైవ్‌నీ నిండా రాసి చదివాకే మీకు వేస్తాను. 512 డిస్కుకి ఆ పరీక్షకే రెండు మూడు గంటలు పడుతుంది. ఇప్పటిదాకా నేను డిస్కు పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో హెల్త్ 100 శాతం ఉందా అని చూసి తృప్తి పడేవాణ్ణి. ఆ అంకె కూడా డిస్కు తన గురించి తాను చెప్పుకునేదే. తొందరగా కావాలంటే వేరే షాపుకి వెళ్ళండి, నేను ఏమీ అనుకోను, కానీ పరీక్ష లేకుండా మాత్రం ఇవ్వను.

ఇది చదివి ఇంట్లో మీరే పరీక్షించుకుందామనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రోగ్రాం ఖాళీ జాగా మొత్తం నింపుతుంది. కొన్ని రకాల నకిలీ డిస్కుల్లో అలా నింపితే కొత్త డేటా వెళ్ళి పాతదాని మీద పడుతుంది, బాగున్న ఫోటోలు కూడా పోతాయి. ముందు ఉన్నదంతా వేరే మంచి డిస్కులోకి కాపీ తీయాలి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూడాలి, ఆ తర్వాతే పరీక్ష. కాపీ చూసేటప్పుడు నాలాగా మొదటి ఫోల్డర్ చూసి వదిలేయకండి. చివర్లో ఎక్కించినవి, పెద్ద వీడియోలు తెరిచి చూడండి.

ఫోటోలు గూగుల్‌లో ఉన్నాయి కదా అని కొందరు ధీమాగా ఉన్నారు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ. నిండిపోతే కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది. ఇంకా, ఫోన్‌లో జాగా కోసమని గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొడితే గూగుల్‌లో ఉన్నది కూడా పోతుంది. బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులుంటాయి, ఆ లోపు తీసుకోవచ్చు. గూగుల్ ఉన్నా సరే, విడిగా ఇంకో డిస్కులో ఒక కాపీ పెట్టి, ఆ డిస్కు కంప్యూటర్ నుంచి తీసేసి ఉంచండి.

విండోస్ 10 మీదే ఉన్నవాళ్ళు కంగారుపడి మెషీన్ మార్చక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. షాపుకి తెస్తే ఊరికే చేసి పెడతాను.

ఇంకా రావాల్సినవాళ్ళు తొమ్మిది మంది. ఏడుగురితో మాట్లాడాను, ఈ వారంలో వస్తామన్నారు. నందివెలుగు నుంచి వచ్చిన ఒకమ్మాయి నంబర్ స్విచ్ఛాఫ్ వస్తోంది, బీటెక్ చదువుతోంది, హాస్టల్‌కి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఇంకొకాయన కొలకలూరు వైపు నుంచి డిసెంబర్ చివర్లో వచ్చారు, పెద్దాయన, పాత నల్ల ల్యాప్‌టాప్, ఒక వైపు మూత కీలు విరిగి టేపు చుట్టి ఉంది. అమెరికాలో ఉన్న మనవడితో వీడియో కాల్ మాట్లాడాలని వేయించుకున్నారు. బిల్లులో నంబర్ ఒక అంకె తక్కువ రాసుకున్నాను. మీకు తెలిసినవాళ్ళయితే ఆయనకి చెప్పండి, ఆయన రానక్కర్లేదు, ఇల్లెక్కడో తెలిస్తే కొత్త డిస్కు పట్టుకుని నేనే వెళ్తాను.