మంత్రి గారూ, యాప్ దించుకున్నాం. మరి కూర సంగతేంటి?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. యువత ఆరోగ్యంగా తినాలని మీ శాఖ తెచ్చిన యాప్ గురించే ఈ ఉత్తరం. అర్జీలు ఇచ్చాం, ఈమెయిళ్ళు పెట్టాం. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో రాయలేదు కాబట్టి నలుగురి ముందూ అడుగుతున్నాను.

నేను అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. పొద్దున్నే యాప్ మోగుతుంది: "మీ ప్లేటులో సగం కూరగాయలు, పండ్లు ఉండేలా చూసుకోండి." మాట మంచిదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమనే ఉంది. ఒకసారి మా మెస్‌కి వచ్చి చూడండి మరి.

తెల్లన్నం ఎంతైనా పెట్టుకోవచ్చు, దానికి అడ్డు లేదు. కూర మాత్రం ఒక్క గరిటె, అదీ ఆంటీ దగ్గరుండి వేస్తుంది. దొండకాయో, ఆలుగడ్డో, నూనెలో తేలుతూ ఉంటుంది. పప్పులో పప్పు వెతుక్కోవాలి. ఆకుకూర వారానికోసారి అలా కనిపించి పోతుంది. పండంటే ఆదివారం అరటిపండు, అది కూడా చికెన్ తినని వాళ్ళకే. ఇదంతా తిన్నాక "ఎన్ని గ్రాములు తిన్నారు?" అని యాప్ అడుగుతుంది. నిజం చెబితే ఎర్రగా మొహం ముడుచుకున్న బొమ్మ వస్తుంది. తప్పు నాదా?

గదిలో వండుకుందామంటే ఇండక్షన్ స్టవ్ కనబడితే ఓనర్ పట్టుకుపోతాడు. కెటిల్‌లో రెండు గుడ్లు ఉడకబెట్టుకోవాలన్నా తలుపు గడియ వేసుకోవాలి. లైబ్రరీ నుంచి వచ్చేసరికి మెస్‌లో చారు, మజ్జిగ మిగులుతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో రెండు నోటిఫికేషన్లు. మీది, "రాత్రి తేలికగా తినండి" అని. డెలివరీ యాప్‌ది, బిర్యానీ సగం ధరకే అని. మీది సలహా ఇస్తుంది, వాళ్ళది అన్నం తెచ్చిస్తుంది. ఆకలి మీద ఉన్నవాడు దేన్ని నొక్కుతాడో తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు.

సర్వే కావాలన్నా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో మగవాళ్ళలో 32 శాతం, ఆడవాళ్ళలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. అందులో మా హాస్టళ్ళ తిండి వాటా ఎంతో ఎవరైనా అడిగారా?

యాప్‌లో అవకాడో టోస్ట్ ఉంది, పచ్చిపులుసు లేదు. పోనీండి, దానికి ఏడవను.

తనిఖీలకొచ్చే మీ అధికారులు బొద్దింకలు, ఎక్స్‌పైరీ డేట్లు చూస్తున్నారు, సంతోషం. కూర ఎంత వేస్తున్నారో కూడా చూడమనండి. ప్రతి హాస్టల్ మెనూ ఆ యాప్‌లో పెట్టించి, ఆ ఎర్ర బొమ్మేదో మాకు కాకుండా ఓనర్లకు చూపించండి. నగరంలో ఐదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. 2025లో ఐదు రూపాయల టిఫిన్ కూడా మొదలైంది, అందులో మిల్లెట్ ఇడ్లీ ఉంది. అలాంటి కౌంటర్ ఒకటి రాత్రిపూట మా వీధుల్లో నడిపించలేరా? అంత పెద్ద కోరికేం కాదనుకుంటాను. అదీ కుదరదంటే, మెస్‌లో రెండో గరిటె కూర వేయమని ఓ ఆర్డరైనా ఇప్పించండి.

ఇట్లు,
అశోక్‌నగర్ హాస్టల్ విద్యార్థి, హైదరాబాద్