కాలువలో తేలుతున్న మందుల గురించి కలెక్టర్ గారికి

కలెక్టర్ గారికి నమస్కారం.

మా మామగారు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, రిటైరయ్యాక పాలకొల్లు దగ్గర మా ఊరు వచ్చేశారు. అత్తగారి ఇన్సులిన్‌ను ఫ్రిజ్ తలుపు అరలో పెడితే ఊరుకోరు. తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుందని లోపలి అరలోకి మారుస్తారు, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలంటారు. మనవరాలికి సిరప్ కొలమూతతోనే పోయాలి. చాదస్తమే, కానీ అత్తగారి షుగర్ అదుపులో ఉందంటే దాని వల్లే.

ఇప్పుడాయన టెన్షనంతా కాలువ గురించి. గడువు తీరిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు మా రేవు మెట్ల దగ్గర తేలుతున్నాయి. ఆ నీళ్లే చేలకూ చెరువులకూ వెళ్తాయి. బ్యాక్టీరియా ఆ మందులకు లొంగకుండా పోతే రేపు పిల్లలకు ఏం వేస్తామని కనిపించిన వాళ్లందరినీ అడుగుతున్నారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1948లో వెలుగు చూసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగంలోనే కదా, అలాంటి మనిషి పుట్టిన గడ్డ మీద ఇదేం పని అని మామగారి బాధ. రొయ్యల చెరువుల్లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని నిషేధం ఉంది, మంచిదే. ఇంట్లో మిగిలిన మాత్రలు ఎక్కడ వేయాలో మాత్రం మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

ప్రతి పీహెచ్‌సీలో తాళం వేసిన డబ్బా ఒకటి పెట్టించండి. నిండాక ఆసుపత్రి వ్యర్థాలతో పాటే పంపించేయొచ్చు. అందులో పడినవి వేరుచేయడానికి మామగారు జీతం లేకుండా వస్తానంటున్నారు. సాయంత్రం నాలుగు దాటితే మాత్రం కుదరదట, మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి.

ఇట్లు,
ఆయన కోడలు