నాన్న మందుల డబ్బా

తిరుపతి

చిరంజీవి హరికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన క్యాప్సూల్స్ చేరాయి. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే మళ్ళీ స్ట్రోక్ రాదంట కదా అని నువ్వు అడిగినప్పుడు నీ గొంతులో భయం నాకు తెలిసింది. నాన్న కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, నాకూ దిగులే. అయినా వాటిని ఆయన మందుల డబ్బాలో పెట్టలేదు. ఎందుకో వివరంగా రాస్తున్నా.

నువ్వు చదివింది అబద్ధం కాదు నాయనా. ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఈ సంగతి మీద నాకూ ఎంతో ఆసక్తి. గుడ్డు పచ్చసొనలో కోలిన్, మేక మాంసంలో కార్నిటిన్ అనే పదార్థాలు ఉంటాయి. పేగుల్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా వాటిని విరగ్గొట్టి ట్రైమిథైలమిన్ తయారుచేస్తాయి. పాడైన చేపల కంపు దానిదే. అది కాలేయానికి చేరాక అక్కడి ఎంజైమ్ దాన్ని టీఎంఏఓ అనే ఇంకో పదార్థంగా మారుస్తుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు గుండె పరీక్షకు వచ్చిన 4,007 మందిని మూడేళ్ళు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. టీఎంఏఓ ఎక్కువున్న వాళ్ళలో గుండెపోటు, స్ట్రోక్, మరణాలు ఎక్కువ కనిపించాయి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను అది మరీ చురుగ్గా చేస్తుందని 2016లో తేలింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకో ప్రయోగం. చాలాకాలంగా మాంసం ముట్టని వాళ్ళకు కార్నిటిన్ ఇచ్చి చూస్తే, రోజూ మాంసం తినేవాళ్ళలో తయారైనంత టీఎంఏఓ వాళ్ళలో తయారు కాలేదు. అంటే మనం ఏళ్ళ తరబడి ఏం తింటామో దాన్నిబట్టే లోపల ఏ బ్యాక్టీరియా బతకాలో తేలుతుంది. ఆ అలవాటును పక్కనబెట్టి ఒక సీసా క్యాప్సూల్స్‌తో అంతా మార్చెయ్యొచ్చంటే నేను నమ్మలేను.

పైగా సందేహాలు చాలా ఉన్నాయి. కిడ్నీలు బలహీనమైనా టీఎంఏఓ పెరుగుతుంది. సముద్రపు చేపల్లో అది నేరుగానే ఉంటుంది, అయినా చేపలు గుండెకు మంచివనే చెబుతారు. కాబట్టి అదే కారణమా, వేరే జబ్బుకు గుర్తా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. బ్యాక్టీరియా క్యాప్సూల్స్ మింగితే స్ట్రోక్ ఆగుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. బీపీ అదుపులో ఉంటే ఆ ముప్పు తగ్గుతుందన్నది మాత్రం ఎన్నోసార్లు రుజువైంది. నాన్న విషయంలోనూ డాక్టరు గారు ముందు బీపీనే తప్పుపట్టారు. బీపీ మాత్రా, రక్తం పలచనయ్యే మాత్రా ఒక్కపూట తప్పకుండా నేనే చేతికిస్తున్నా.

స్ట్రోక్ వచ్చాక మెదడు దెబ్బ పేగుల దాకా పోతుంది. పేగుల కదలికలు మందగిస్తాయి. నాన్నకు మలబద్ధకం అందుకే వచ్చిందని నా అనుమానం, పడుకునే ఉండటం కూడా తోడైంది. ఇప్పుడు మధ్యాహ్నం రాగి సంగటి, ఆకుకూర పెడుతున్నా. అనపకాయల కాలం కదా, పితికిపప్పు చేస్తే ఇష్టంగా తిన్నారు. మనకు అరగని పీచును పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ చేస్తాయి, పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్య ఆహారం. ఉప్పెక్కువని ఊరగాయ జాడీ మాత్రం పైఅరకు ఎక్కించేశా. ఆయన గొణుగుతున్నారు, గొణగనీ.

క్యాప్సూల్స్ సీలు తియ్యలేదు, వాపసు తీసుకుంటారేమో కనుక్కో. ఎప్పుడైనా కావాలంటే డాక్టరు గారినే అడుగుదాం.

ఇక నీ సంగతి. తాతకు బీపీ, నాన్నకు బీపీ. నువ్వేమో రాత్రి పదకొండుకు బిర్యానీ తెప్పించుకుని, ఆఫీసు టెన్షన్‌తో నిద్ర లేకుండా ఉంటావు. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను నాయనా. ఈ ఆదివారం ఫోన్ చేసేలోపు దగ్గర్లో ఏదైనా క్లినిక్‌కు పోయి బీపీ చూపించుకో. పైది ఎంతో, కిందిది ఎంతో, రెండూ నాకు చెప్పాలి.

అమ్మ